చిప్‌లో తప్పు లేదు

కంపెనీ అందరితో పెట్టిన మీటింగ్ ముగిసేసరికి వసుంధర ఐర్లండ్‌లో, ఆడమ్స్‌టౌన్‌లోని అద్దె ఇంటి వంటగదిలో నిలబడే ఉంది. లాప్‌టాప్ గట్టు మీద, కుక్కర్ పక్కన ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క బల్లనూ కూతురు చరిత ఆన్‌లైన్ బడి ఆక్రమించుకుంది. కోవిడ్ వల్ల క్రిస్మస్ సెలవులయ్యాక బడులు మళ్లీ తెరవలేదు. తెర మీద టీచరు ఏదో అడుగుతోంది. చరిత మ్యూట్ తియ్యకుండానే గట్టిగా జవాబు చెబుతోంది.

"మ్యూట్ తియ్యమ్మా."

"ఐ నో, మామ్!"

మీటింగ్‌లో మాట్లాడినావిడ కంపెనీ లెక్కలు చూసే పెద్ద. చివరిదాకా చిరునవ్వు చెదరలేదు. కిందటేడు ఈ కంపెనీ తనకన్నా పెద్దదైన ఒక అమెరికా చిప్‌ల కంపెనీని కొన్నది. అందుకు పెట్టిన డబ్బులో ముప్పాతిక వంతు బ్యాంకులది. కొన్నరోజు ఉద్యోగులందరి ఇళ్లకూ చాక్లెట్ల బుట్టలు వచ్చాయి. ఇప్పుడు చిప్‌లకు ఎన్నడూ లేనంత గిరాకీ ఉంది, అయినా వచ్చింది వచ్చినట్టే వడ్డీకి పోతోంది. అందుకని అసలు వ్యాపారానికి సంబంధం లేని పక్క పనులన్నీ ఆపేస్తున్నారు. ఆవిడ చెప్పింది అదీ.

రెండు నిమిషాలు గడిచాయో లేదో పురుషోత్తం ఫోన్ చేశాడు. వసుంధర టీముకు మేనేజరు. హనుమకొండ మనిషి, ఈ దేశం వచ్చి పదిహేనేళ్లు దాటింది.

"ఇన్నరు గదా?"

"విన్నానండి. పక్క పని అంటే మనమేనా?"

"మనమే. శుక్రవారంతోని బంద్. ఇద్దర్నే మెయిన్ టీంలకు తీస్కుంటున్నరు. మీ పేరు నేనే కొట్లాడి పెట్టిచ్చిన. మీ వర్క్ పర్మిట్ సంగతి నాకు తెల్వదా? ఈ నౌకరి పోతె అదీ పోతది."

ఆమె థాంక్స్ చెప్పబోయింది. అతను చెప్పనివ్వలేదు.

"ఒక్క పనున్నది. మధ్యాహ్నం హాస్పిటలోళ్లతోని కాల్ ఉన్నది గదా. చిప్ రీడింగ్ సరిగ్గ వస్తలేదని చెప్తం. టెస్టింగ్ మొత్తం మీది. మిమ్ముల అడిగితే అవునన్రి, చాలు."

"సరిగ్గానే వస్తోంది కదండీ."

"వస్తున్నది. మనంతట మనం ఆపితే డిజైన్ హాస్పిటలోళ్లకు ఇచ్చెయ్యాలె, అగ్రిమెంట్ల అట్ల ఉన్నది. చిప్పే పనికి రాలేదంటే ఇయ్యక్కర్లేదు. డిజైన్లన్నీ బ్యాంకుల కాడ తాకట్టున్నయి. ఒక్కటి గూడ బయటికి పోవద్దని షరతు."

"పోనీ, బ్యాంకులవాళ్లు దాన్ని తయారు చేయిస్తారా?"

"వాళ్లెందుకు చేపిస్తరు? పడుంటది అంతే."

ఆ చిప్ వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పరికరంలోది. మార్కెట్లో దొరికే పరికరాలు తెల్లటి వేలిమీద నిజం చెబుతాయి, నల్లటి వేలిమీద తరచుగా ఎక్కువ చూపిస్తాయి. ఆ తేడా పోగొట్టాలని రెండేళ్ల కిందట పురుషోత్తమే అందరినీ బతిమాలి, ఒక హాస్పిటల్‌తో కలిసి ఈ పని మొదలుపెట్టించాడు. అక్టోబరులో మొదటి బోర్డులు వచ్చినప్పుడు ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటి తిరగకూడదని ఆంక్ష. అతనే కారులో వేసుకుని ఒక్కొక్కరి గుమ్మం ముందూ పెట్టి వెళ్లాడు. దారిలో గార్డలు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి పెట్టెలో ఏముందని అడిగితే చిప్స్ అన్నాడట. వేడి బంగాళాదుంప చిప్స్ అనుకుని, చల్లారిపోతాయి, త్వరగా వెళ్లమని వాళ్లు దారి ఇచ్చారట. ఆ సంగతి చెబుతూ రోడ్డు మీదే నిలబడి పగలబడి నవ్విన మనిషి ఇతనే.

ఫోన్ పెట్టేసరికి భర్త యుగంధర్ పక్కనే బియ్యం కడుగుతున్నాడు. అతను ఒక హోటల్లో లెక్కలు రాసేవాడు. మార్చి నుంచి హోటల్ మూతబడే ఉంది. వారానికి ప్రభుత్వం ఇచ్చే మూడువందల యాభై యూరోలు అతని సంపాదన.

విషయమంతా విని అతను నీళ్లు వంచాడు.

"అనేసెయ్ వసూ. ఇంకో నాలుగు నెలలైతే పర్మిట్ గోల ఉండదు. అప్పుడు నీ ఇష్టమొచ్చిన కంపెనీకి పో."

"అబద్ధం కదా."

"అది వాళ్ల అబద్ధం, నీది కాదు." గిన్నె పొయ్యి మీద పెట్టి మంట చూస్తూ అన్నాడు. "నాకు జీతం వస్తుంటే ఈ మాట అనేవాణ్ణి కాదు."

ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి తీసేసింది.

అన్నం ఉడుకుతుండగా బెల్ మోగింది. పక్క వీధి కోటేశ్వరి. గుమ్మం ముందు గోంగూర పచ్చడి సీసా పెట్టి, గేటు దాకా వెనక్కి వెళ్లి నిలబడింది. తణుకు ప్రాంతపు మనిషి. లూకన్ దగ్గర ముసలివాళ్ల నర్సింగ్ హోంలో పనిచేస్తుంది.

"బాగున్నావా అక్కా? ఎందుకివన్నీ?"

"ఆయ్, బానే ఉన్నానమ్మా. సోమారం నించి మళ్లీ డ్యూటీలోకి ఎల్తన్నాను. చెప్పి పోదారని వచ్చాను."

"డాక్టర్ వెళ్లమన్నాడా?"

"ఆయనేవంటాడు! ఇంట్లో కూకుంటే గంటకి పన్నెండు యూరోలు ఎవరిస్తారేంటి?" నవ్వబోయి మధ్యలో ఊపిరి అందుకుంది.

కిందటి వేసవిలో హోంలో ఆమెకు కోవిడ్ అంటుకుంది. ఆమె నల్లటి వేలికి తగిలించిన పరికరం తొంభై ఆరు చూపించింది. ఎప్పుడూ చూపించుకునే డాక్టరు ఫోన్లోనే, గ్రాండ్, ఏం ఫర్వాలేదు, ఇంట్లో ఉండు, నీళ్లు బాగా తాగు అన్నాడు. తనకు ఊపిరి ఆడటంలేదని ఆమె చెప్పింది. అంకె బాగానే ఉంది కదా అన్నాడు. మర్నాడు అంబులెన్సులో తీసుకెళ్లి రక్తం తీసి చూస్తే ఆ అంకె ఎంత తప్పో తెలిసింది. ఆ తర్వాత వసుంధర పరీక్షలకు మనుషులు కావాలన్నప్పుడు అందరికన్నా ముందు వేలు చాపింది ఆమే.

"మీ మిసను ఎప్పుడొస్తదమ్మా? మా హోంలో ఒకటి కొనిపించమని మేట్రన్ని అడుగుతాను. ముసలోళ్లందరూ తెల్లోళ్లేగానీ, చాకిరీ చేసేది మేవేగదా. ఫిలిప్పీన్సు పిల్లలు, నైజీరియా ఆవిడ, నేను. మా సేతి ఏళ్లకి సరిపడేది ఒకటుండాలా?"

"ఉండాలక్కా" అంది వసుంధర. వంగి పచ్చడి సీసా చేతిలోకి తీసుకుంది. కోటేశ్వరి చెయ్యి ఊపి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాల్‌లో నలుగురే ఉన్నారు. పురుషోత్తం, వసుంధర, హాస్పిటల్ తరఫున డాక్టర్ గ్రోన్యా, కెమెరా ఆపుకుని కూర్చున్న కంపెనీ లాయరు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. డాక్టరు రాత్రంతా వార్డులో ఉండి వచ్చింది. మాస్కు అదిమిన గీతలు చెంపల మీద ఇంకా ఎర్రగా ఉన్నాయి.

పురుషోత్తం కాగితం చూసి చదివాడు. ముదురు రంగు చర్మం మీద చిప్ నిలకడగా పనిచేయడంలేదు, ఎంత ప్రయత్నించినా సాధ్యపడలేదు, చింతిస్తున్నాం. చదువుతున్నంతసేపూ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

డాక్టరుకు నమ్మశక్యం కాలేదు. "పోయిన నెల బాగుందన్నారు కదా! నేను వార్డులో ఎంతమందిని బతిమాలి వేళ్లు పెట్టించానో తెలుసా? ఇప్పుడు వాళ్లకేం చెప్పను?" తర్వాత తెరకు దగ్గరగా వంగింది. "వసుంధరా, పరీక్షలు చేసింది నువ్వు. ఎక్కడ తప్పుతోంది?"

వసుంధర మ్యూట్ తీసింది. అవును అంటే అయిపోతుంది. ఎక్కడ అని అడిగారు కాబట్టి ఇంకో రెండు ముక్కలు కల్పించాలి, అంతే. గట్టుకు అవతల యుగంధర్ గిన్నెలు తుడవడం ఆపేశాడు.

ఆమెకు నర్సింగ్ హోం గుర్తుకు వచ్చింది. పర్మిట్‌కు మిగిలిన నాలుగు నెలలు గుర్తుకు వచ్చాయి. ఇంకొకటి కూడా తోచింది. చిప్ పనికిరాలేదని ఇవాళ ఒప్పుకుంటే, రేపు ఇంకెక్కడో ఇలాంటి పని మొదలుపెట్టబోయేవాళ్లకు ఈ మాటే ఎదురవుతుంది. ఐర్లండ్‌లో ప్రయత్నించారు, కుదరలేదట అంటారు. నల్లటి వేలిని కొలవడమే కాని పని అయిపోతుంది. చివరికి తప్పు వేలిది అవుతుంది.

"తప్పడంలేదు డాక్టర్" అంది. మళ్లీ అంది. "చిప్‌లో తప్పు లేదు. ఇంకో కంపెనీని కొనడానికి మావాళ్లు అప్పు చేశారు. దాని వడ్డీ కోసం దీన్ని ఆపుతున్నారు."

లాయరు గొంతు సవరించుకుని, ఈ విషయం తర్వాత విడిగా మాట్లాడుకుందామన్నాడు. డాక్టరు ఏదో అనబోతుండగానే తెర ఖాళీ అయిపోయింది.

చరిత కుర్చీలోంచి తిరిగి చూసింది. "ఆర్ యూ ఇన్ ట్రబుల్, మామ్?"

"తెలీదమ్మా."

"మిస్ సెజ్ యూ హావ్ టు టెల్ ద ట్రూత్, లైక్."

"మీ మిస్‌కి పర్మిట్ అక్కర్లేదులే" అన్నాడు యుగంధర్. కోపంగా అనలేదు. వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

ఫోన్ మోగింది. పురుషోత్తం.

"ఏం జేసిన్రు వసుంధర గారూ?" అరుస్తాడనుకుంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "పైనుంచి అప్పుడే మూడు ఫోన్లు. మీ పేరు ఆ టీంలకెల్లి తీసేస్తమంటున్నరు. ఇంకా టైం ఉన్నది. పొరపాటున నోరు జారింది, రీడింగులు మళ్ల చూస్కున్న, తప్పులున్నయి అని ఒక్క మెయిల్ కొట్టున్రి. నేనే టైప్ జేసి పంపుత. మీరు ఊకె పంపిస్తె చాలు. మీ ఇంటాయన గూడ ఖాళీగున్నడు. జర ఆలోచించున్రి."

"పంపనండి."

"మీకు అర్థమైతలేదు..."

"అర్థమైందండి. పంపను." తనే మళ్లీ అడిగింది. "మీరు చూశారు కదా ఆ రీడింగులన్నీ?"

అతని ఇంట్లో పిల్లలెవరో మెట్ల మీద పరుగెడుతున్న చప్పుడు, కెటిల్ మరుగుతున్న చప్పుడు వినిపిస్తున్నాయి. అతను ఊపిరి పీల్చుకున్నాడు, ఏదో చెప్పబోతున్నట్టు. చెప్పలేదు. వసుంధర ఫోన్ చెవికి ఆనించుకునే ఉంది. ఇద్దరిలో ఎవరూ పెట్టెయ్యలేదు.