గురువారం వెండి నీళ్ళు

ఆర్సేనీకి పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. పదింటికి లవ్రేంతీ వస్తానన్నాడు. పన్నెండేళ్ళుగా పోగుచేస్తున్న రాగి నాణేల వరసలో ఆర్సేనీకి ఒక్క గడే ఖాళీగా మిగిలింది. అందులో పట్టే నాణెం లవ్రేంతీ దగ్గరుంది. దానికి బదులుగా తను ఇవ్వాల్సింది జార్ల కాలపు రత్నాల గుడ్డు బొమ్మ ఉన్న వెండి నాణెం. అద్దంలాంటి వెండి మీద ఎర్ర మీనాతో తీర్చిన గుడ్డు. చేతులకు నూలు తొడుగులు లేకుండా దాన్ని ఏనాడూ ముట్టుకోలేదు. పెళ్ళాం చెయ్యినైనా అంత సుతారంగా పట్టుకున్న పాపాన పోలేదు.

ఇంకోసారి చూసుకుందామని డబ్బీ తెరిచాడు. సరిగ్గా గుడ్డు పక్కన బొటనవేలి ముద్ర. అంచున నీటి చారలు.

వేలిముద్ర పడితే అలాంటి నాణెం విలువ సగం పోయినట్టే. వంటింట్లోకి దూసుకెళ్ళాడు. భార్య రయీసా ఈస్టర్ గుడ్లకు రంగు కోసం ఉల్లిపొట్టు ఉడికిస్తోంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది.

నాణెం ముట్టుకున్నావా అని అడిగాడు. ముట్టుకున్నానంది, కూరలో ఉప్పు చూశానన్నంత మామూలుగా. ఈస్టర్ ముందు గురువారం, పొద్దు పొడవకముందే వెండి వేసిన నీళ్ళతో ముఖం కడుక్కుంటే ఒంటికి మంచిదని ఆమె అమ్మమ్మ నాటి ఆనవాయితీ. అందుకోసం ఆవిడ ఇచ్చిన పాత వెండి రూబుల్ ఒకటి ఉండేది.

"నీ రూబుల్ ఏమైంది? అది వేసుకోవచ్చుగా," అని అరిచేశాడు. అరిచాక గానీ గుర్తు రాలేదు. చలికాలంలో ఆమెతో మాటైనా చెప్పకుండా ఆ రూబుల్ ఇచ్చేసే ఈ గుడ్డు నాణెం తెచ్చుకున్నాడు.

"పెట్టెంతా గాలించాను," అంది రయీసా, పొయ్యి వైపే చూస్తూ. "ఎక్కడికి పోయిందో నాకు తెలుసులే. సోమవారం ఆస్పత్రిలో నా పొట్ట కోస్తారు, ఆర్సేనీ. భయంగా ఉంది. ఇంట్లో ఉన్న వెండి అదొక్కటే."

సోమవారం సంగతి అతనికి తెలియక కాదు. పదిహేను రోజులుగా ఆమె ఆ మాట ఎత్తినప్పుడల్లా నాణేల కబుర్లలోకి జారుకుంటున్నాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

లవ్రేంతీ వచ్చాడు. నాణేలవాళ్ళు చేతి నుంచి చేతికి ఇచ్చుకోరు. ఆర్సేనీ గుడ్డు నాణేన్ని మఖమల్ గుడ్డ మీద పెట్టి, వేలిముద్రను తనే వెలుతురుకు తిప్పాడు. లవ్రేంతీ భూతద్దం దించి, ఈ ఘనకార్యం ఎవరిదని అడిగాడు. నాదేనన్నాడు ఆర్సేనీ. లవ్రేంతీ తన నాణెం జేబులో వేసుకుని టీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆర్సేనీ తొడుగులు విప్పేశాడు. గిన్నెలో కొత్త నీళ్ళు పట్టి, వట్టి చేత్తో నాణేన్ని అందులో వేశాడు. మళ్ళీ కడుక్కోమన్నాడు.

"పొద్దు పొడవకముందు కడుక్కోవాలి. ఎప్పుడో పొడిచింది," అంది రయీసా.

పీటర్స్‌బర్గ్ పాత ఇళ్ళ నడిమి వాకిళ్ళు బావుల్లా ఉంటాయి, ఎండ మధ్యాహ్నానికి గానీ దిగదు.

"మన కిటికీకి ఇంకా రాలేదుగా," అన్నాడు ఆర్సేనీ. "ముఖం ఇటు పెట్టు. నాకూ భయంగానే ఉంది."