ఖాళీకి కాపీ

వదిన వేలు ‘సరే’ మీద పడింది. మళ్ళీ సరే. మళ్ళీ సరే. చదివితే ఒట్టు.

“చదవవా వదినా?”

“చదవడానికి ఇదేమన్నా కథల పుస్తకమా? కిటికీ అవతల నలభై మంది దగ్గుతుంటారు నాకు. ఇంట్లో నీ ఆరళ్ళు చాలవని ఆఫీసుక్కూడా పిలిచావా?”

వదిన ఆసుపత్రిలో రికార్డుల గుమస్తా. పదకొండేళ్ళ రోగుల వివరాలు ఒకే ముసలి కంప్యూటర్లో ఉన్నాయి. రేపు కొత్తది వస్తుంది. పాతదాంట్లో ఏది చేరినా కొత్తదాంట్లోకి కాపీ చేస్తుండే టూల్ మా కంపెనీది. దాన్ని బిగించేటప్పుడు కనిపించే తెరలు నావి. రేపు బిగించేది వదినే. అందుకే భోజనం వేళ లాక్కొచ్చాను. ఉత్తుత్తి పేర్లతో పాతదొకటి, ఏమీ లేని కొత్తదొకటి పెట్టి కూర్చోమన్నాను. కొత్తదాని ముందు కూర్చుంది. ఎవరైనా అక్కడే కూర్చుంటారు.

పాత తెర మీద పేర్లు పోసాగాయి. చప్పుడు లేదు. మంచు దిగినట్టు తెలుపు పాకింది. ఒక తాత గుండెజబ్బు, ఒక పసిగుడ్డు బరువు, ఎవరికో పడని మందు, ఒక్కొక్కటే ఆ తెలుపులోకి నడిచి వెళ్ళాయి. కలలో కాళ్ళు కదలని వాళ్ళలా చూస్తుండిపోయాం.

“ఇవి నిజం మనుషులు కారుగా?” వదిన వేలు వెనక్కి తీసుకుంది.

“కారు.”

“రేపు అవుతారు.”

టూల్‌ని ఏ కంప్యూటర్లో తెరిస్తే అదే అసలని ముందే టిక్కు పెట్టి ఉంచాం. అది ఖాళీని అసలనుకుని, ఆ ఖాళీనే పాతదాని మీద కాపీ కొట్టింది.

మా మేనేజరు టీ కప్పుతో వచ్చాడు. “పాతదాంట్లోనే తెరవాలని సూచనల్లో నాలుగో పేజీలో రాశాం కదమ్మా. సాయంత్రం విడుదల.”

“నాలుగో పేజీ మీరు చదివారా సార్?”

టీ ఊదుకున్నాడు.

గొయ్యి తవ్వినవాణ్ణి వదిలేసి పడ్డవాణ్ణి తిట్టడం మాకు అలవాటు. తీరికలేని మనిషి తరఫున మనం ముందే వేసే ఓటు ఆ టిక్కు. దొంగ ఓటు వేశాం.

“ఎక్కడ తెరిచినా సరే, పేర్లు ఎందులో ఉంటే అదే అసలు కావాలి,” అన్నాను. “రెండింట్లోనూ ఉంటే దేన్నీ తుడవకుండా ఆగిపోవాలి.”

“రెండూ వెతకాలంటే నిమిషం పడుతుంది. నిమిషమైతే జనం లేచిపోతారు.”

“లేచిపోనీండి. పేర్లుంటాయి.”

“మీది మా ఆసుపత్రిలో పెట్టను బాబూ,” అంది వదిన. “కావాలంటే రాసిస్తా. మొదటి పేజీలోనే.”

ఆయన కప్పు కింద పెట్టి, విడుదల రేపు పొద్దున్నకి జరిపాడు.

గంటలో మార్చాను. ఉత్తుత్తి పేర్లు మళ్ళీ ఎక్కించాను. వదిన అదే కుర్చీలో, అదే వేలితో, సరే, సరే, సరే. టూల్ నిమిషం పాటు ఏమీ అనలేదు. ఆ నిమిషంలో గది నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఫ్యాను కూడా ఈదుతోంది. తర్వాత కొత్త తెర నిండా మనుషులు.

వదిన లేవలేదు. ఒక్కో పేరూ చదువుతోంది.

“ఈవిడకి రక్తం తక్కువట, పాపం.”

“ఆవిడ లేదు వదినా. నేనే కల్పించాను.”

“అయితే మాత్రం! మందులు వాడుతోందా?”