ఒకటి తీసెయ్యాలి

నేను ఒక ముప్పై మీటర్ల టేపుని. నా డబ్బా మీద అలాగే రాసి ఉంటుంది. డబ్బా మీద రాసిందల్లా నమ్మేవాళ్ళకి నేనేం చెప్పను గానీ, మీ దగ్గర దాపరికం దేనికి? నేను ఇరవైతొమ్మిది మీటర్లే. నా అంకెలు ఒకటితో మొదలవుతాయి. అంతకు ముందుండాల్సిన మీటరు ముక్క, చివరనుండే ఇనప కొక్కెంతో సహా, ఎప్పుడో పోయింది.

పుట్టినప్పుడు మాత్రం నిండుగానే పుట్టాను. పసుప్పచ్చ ఒళ్ళు, మీటరు మీటరుకీ ఎర్రటి గీత. నన్ను సాగదీసి కొలిచి, బాగుందని ముద్ర వేసి, గోదావరి గట్టునున్న ఒక ఊళ్ళో ఆర్కిటెక్చర్ కాలేజీకి పంపారు. ఊరి పేరూ కాలేజీ పేరూ చెప్పను. ఇంకా ఆ ఊళ్ళోనే బతకాలి నేను.

ఆ మీటరు ఎలా పోయిందో చెబితే మీరు నమ్మరు. ఐదో సంవత్సరం కుర్రాడొకడు డ్రాయింగులు ఇవ్వాల్సిన రోజున షీట్ల చుట్టని మోటార్‌సైకిల్‌కి కట్టడానికి తాడు దొరక్క, చేతిలో ఉన్న కట్టరుతో నన్ను కోసేశాడు. నమూనాల కోసం అట్టని మిల్లీమీటరు తేడా లేకుండా కోసే చదువు చదివేవాడు! పాపం, ఆ తర్వాత సిగ్గుపడి నా డబ్బా మీద మార్కరుతో "ఒకటి తీసెయ్యాలి" అని రాశాడు. కొత్త టేపు కొనమని ఎవరూ అడగలేదు. ఏటా సీనియర్లు నన్ను జూనియర్ల చేతిలో పెట్టి ఆ రెండు ముక్కలూ చెవిన వేసేవారు. ఇంకొన్నేళ్ళు పోతే దీనికి కొబ్బరికాయ కూడా కొడతారేమో అనుకున్నాను. ఈలోగా చేతుల చెమటకి డబ్బా మీది రాత చెరిగిపోయింది.

ఆ ఏడు మూడో సంవత్సరం పిల్ల మృదుల నన్ను తీసుకుంది. సీనియర్ ఆ మాట చెప్పింది క్యాంటీన్లో. అప్పుడు మృదుల ధ్యాసంతా మిరపకాయ బజ్జీ మీదుంది. తల మాత్రం ఊపింది.

వాళ్ళ తరగతికి ఆ ఏడే మొదటి పట్టణ రూపకల్పన పాఠం. త్రివిక్రమ్ సార్ తెల్లబోర్డు మీద నల్లగా నాలుగు డబ్బాలు గీసి, "ఇన్నాళ్ళూ మీరు ఇవి గీశారు. ఇకనుంచి వీటి మధ్య తెల్లగా మిగిలిందే, అది చూడండి. మనుషులు బతికేది అక్కడే," అన్నారు. పిల్లలు అది యథాతథంగా రాసుకున్నారు. తర్వాత బయటికి పోయి చూడమంటే ఎండగా ఉందన్నారు.

చివరికి గోదాం వీధికి తీసుకెళ్ళారు. మున్సిపాలిటీ ఆ వీధిని బాగుచేస్తుందట, పిల్లల ప్లాను నచ్చితే అదే కడుతుందట. దాంతో అందరికీ హుషారొచ్చింది. ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో, ఏ వేళకి నీడ ఎటు పడుతుందో, ఎందరు నడుస్తున్నారో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా లెక్కపెట్టారు. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది.

ఇక నా వంతు. ఇలియాజ్ అనే పిల్లాడు నా కోసిన కొసని గోడకి ఆనించాడు. ఎదుటి గోడ దగ్గర మృదుల అంకె చదివింది. "తొమ్మిది!" అని రాసేసుకుంది. నాకు నోరుంటేనా!

ఆ గోడ వారనే నూకరత్నం కూర్చుంటుంది. ఎండుచేపలు అమ్ముతుంది. ఆ చోట వాళ్ళ అత్తగారి నాటినుంచీ వాళ్ళదే. కాగితమేమీ లేదు, తట్టలే సాక్ష్యం.

"ఏటమ్మా కొలుత్తున్నారు? వీధా? పదిహేడున్నర మూరలు. మా అత్త కొలిసింది, నేనూ కొలిసేను," అంది.

మృదుల మర్యాదగా నవ్వి, కాగితం మూల ఆ మాటా రాసుకుంది. మూరని మీటర్లలోకి మార్చి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది. మార్చి ఉంటే సరిగ్గా ఎనిమిది వచ్చేది.

ప్లాను చక్కగా కుదిరింది. కుదరదా మరి, లేని మీటరు కూడా చేతిలో ఉంటే! ఐదున్నర మీటర్ల రోడ్డు, రెండువైపులా మీటరుంపావు కాలిబాట, నూకరత్నం లాంటివాళ్ళకి గోడ వారన మీటరు వరస. నమూనాలో స్పాంజి చెట్లు, ఎండుచేపల మీద గుండ్రటి రంగు గొడుగులు. వాసన ఒక్కటే తక్కువ. సార్ మెచ్చుకున్నారు. మున్సిపాలిటీ అధికారి మెచ్చుకున్నారు.

ముగ్గు పోసి గుర్తులు పెట్టే రోజున ఆ అధికారి తన సొంత స్టీలు టేపుతో వచ్చారు. ఒకసారి కొలిచారు. మళ్ళీ కొలిచారు.

"ఏమ్మా, ప్లానులో తొమ్మిది, ఇక్కడ ఎనిమిది. మీటరు ఏమైంది?"

అందరూ వీధిని అనుమానంగా చూశారు. ఇలియాజ్ నెమ్మదిగా, "ఆ గోదాం గోడ ముందుకొచ్చినట్టుంది సార్," అన్నాడు. నలభై ఏళ్ళుగా కదలని గోడ అది.

"సరేలే, ఈ చివర వరస తీసేద్దాం," అన్నారు అధికారి. "ఎండుచేపలేగా, మార్కెట్‌ షెడ్డులో ఎక్కడో చూపిద్దాం." ముగ్గు డబ్బా పట్టుకున్నాయన వంగాడు. నూకరత్నం తట్ట మీద చెయ్యి వేసి లేచి నిలబడింది. ఆవిడ మొహం చూస్తే నాకు మిగిలిన ఇరవైతొమ్మిది మీటర్లూ వణికాయి.

మృదుల నా కొస పట్టుకుని చూసింది. ఒకటి. అక్కడే మొదలు. ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. తప్పు గోడ మీదికి నెట్టేస్తే మార్కులు దక్కేవి. ఒప్పుకుంటే షీట్లన్నీ మళ్ళీ గియ్యాలి, వారమే గడువు.

"ఆగండి," అంది. "గోడ తప్పు కాదు సార్, తప్పు నాది. ఈ టేపుకి మొదటి మీటరు లేదు. ఒకటి తీసెయ్యాలని సీనియర్ చెప్పారు, మర్చిపోయాను. పదిహేడున్నర మూరలని ఈవిడ ముందే చెప్పారు. నేను నవ్వాను."

త్రివిక్రమ్ సార్ నేల చూపులు చూస్తున్నారు. నన్ను ఏటా బీరువాలో చూస్తున్నది ఆయన కూడా కదా.

"మీటరు ఎలాగూ పోవాలి," అంది మృదుల. "రోడ్డులోంచి తీద్దాం సార్. నాలుగున్నర చాలు, బళ్ళు ఒకవైపే వెళ్ళేట్టు పెడితే. నాలుగు గంటల్లో నడిచినవాళ్ళు ఆరొందల పదిమంది, కార్లు పద్నాలుగు. మేమే లెక్కపెట్టాం."

"కార్లవాళ్ళు ఊరుకోరమ్మా."

"నేనూరుకుంటాననుకున్నారా బాబూ?" అంది నూకరత్నం.

అధికారికి నవ్వొచ్చింది. "మూడు నెలలు చూద్దాం," అన్నారు. ముగ్గు గీత మీటరు అవతల పడింది.

మూడు నెలల ఏర్పాటు మూడేళ్ళుగా నడుస్తోంది. అది గొప్ప నిర్ణయమై కాదు, తీసెయ్యమనే ఫైలు మొదలుపెట్టడానికి ఎవరికీ తీరిక లేక. మృదులకి ప్లానులో మంచి మార్కులు, కొలతలో పదికి సున్నా వచ్చాయి. కాలేజీ కొత్త టేపు కొంది. చెత్తబుట్టలో పడబోతున్న నన్ను మృదుల తెచ్చి నూకరత్నానికిచ్చి, "నేను నవ్వినందుకు," అంది.

"బాగుంది, తట్టకి కట్టుకుంటాను," అంది ఆవిడ. ఇప్పుడు నా ఒంటికి ఎండు నెత్తళ్ళ చేపల వాసన. ఫిర్యాదేం లేదు.

మొన్న ఒకాయన మోటార్‌సైకిల్ తెచ్చి ఆ వరసలో నిలబెట్టబోయాడు. నూకరత్నం తట్ట మీంచి నన్ను విప్పి, కొస గోడకి ఆనించి, తర్వాతి ఎర్రగీత దాకా నేల మీద పరిచింది. ఆవిడకి అంకెలు చదవడం రాదు. ఒకటి నుంచి రెండు దాకా.

"ఇదిగో బాబూ, ఇంతే నాది. నీ బండి అటు పెట్టుకో."

ఆయన గొణుక్కుంటూ బండి వెనక్కి లాక్కున్నాడు. తీసెయ్యాల్సింది ఏమీ లేదు. సరిగ్గా మీటరే కొలిచాను.