సువార్తమ్మ డబ్బా

మా వియ్యపురాలు కృపమణి మంచిదే. మంచిది కాదని నేనెప్పుడూ అనలేదు. కానీ ఆ మనిషి నోరు తెరిస్తే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. బేతంచెర్లలో రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఆమెకు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీల బండి ఉంది. ఆ బండి దగ్గర నిలబడి, నూనెలో బజ్జీలు తిప్పుతూ ఊరందరికీ సలహాలు చెప్పడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ, మా అమ్మాయి ప్రేమజ్యోతికి పాప పుట్టీ పుట్టకముందే ఆసుపత్రి మంచం అంచున కూర్చుని, "పేరు నేను అనుకొని పెట్టినా వదినా. బ్లెస్సీ!" అనేసింది.

నేనూ అనుకుని పెట్టాను మరి! సువార్త. మా అమ్మ పేరు సువార్తమ్మ. నాపరాయి గనుల్లో బండలు మోసి నన్ను పెంచింది. నా పెళ్లి చూడకుండానే పోయింది. నాకు కూతురు పుట్టినప్పుడే ఆ పేరు పెట్టుకుందామంటే మా అత్త పడనివ్వలేదు. ఇప్పుడు వియ్యపురాలు పడనివ్వదట! నేనేం పాపం చేశాను?

"సువార్తమ్మనా? బళ్లో ఆ పేరు పిలిస్తే పిల్లోళ్లు నవ్వరా వదినా?" అంది కృపమణి.

"నవ్వినోళ్ల పండ్లు రాలగొడతా" అన్నాను.

అల్లుడు క్రాంతి కుమార్ మా ఇద్దరి మధ్యా నిలబడి, అటు తిరిగి తల్లికి తల ఊపాడు, ఇటు తిరిగి నాకు తల ఊపాడు. చాలా మర్యాదస్తుడు. ఎందుకూ పనికిరాడు. దాంతో మూడు నెలలైనా మా మనవరాలు పేరు లేకుండా ఉత్త 'పాప'గానే ఉండిపోయింది.

అలాంటి సమయంలో ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసాల కాలం, లెంటు వచ్చింది. మా గుడి పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు బుధవారం నాడు ప్రసంగం మధ్యలో కళ్లజోడు తీసి, "ప్రతి ఏడూ మాంసం మానుతామంటారు, ఈస్టర్ నాటికి రెండింతలు తింటారు. ఈసారి ప్లాస్టిక్ మానండి చూద్దాం" అన్నారు. గుడికి ఎగువన ఉన్నది మా మీది వీధి, దిగువన ఉన్నది కృపమణి వాళ్ల కింది వీధి. ప్రతి శనివారం ఎవరింట్లో మిగిలిన కవర్లు వాళ్లు గుడికి తేవాలి. కాటా మీద తూస్తారు. ఈస్టర్ నాటికి ఏ వీధి కవర్లు తక్కువ తూగితే ఆ వీధి గెలిచినట్టు. ఎవరి కవర్లు వాళ్లే నిజాయితీగా తేవాలి, దేవుడు చూస్తుంటాడు అని కూడా అన్నారు.

"గెలిచినోళ్లకు ఏమిస్తారు అయ్యగారూ?" అని ఎవరో అడిగారు.

ఆయన ఆలోచించుకునేలోపే కృపమణి లేచి నిలబడింది. "మా వీధి గెలిస్తే పాప పేరు నేను పెడతా!"

నేను ఊరుకుంటానా? "మా వీధి గెలిస్తే నేను పెడతా!" అని బెంచీ మీద చెయ్యి కొట్టాను. గుడంతా ఘొల్లుమంది. అయ్యగారు నవ్వు ఆపుకోలేక బైబిల్ అడ్డం పెట్టుకున్నారు. ఈస్టర్ నాడే పాపకు బాప్తిస్మమనీ, గెలిచిన అవ్వ చెప్పిన పేరే ఖాయమనీ అక్కడికక్కడే తేలిపోయింది. పాపను కన్నవాళ్లను ఎవరూ అడగలేదు.

ఇక చూడండి మా వీధిలో సంబరం. నాది టైలరింగ్. ఇంటింటికీ తిరిగి పాత చీరలు లాక్కొచ్చి సంచులు కుట్టాను. చీరలు అయిపోతే దుప్పట్లు, దుప్పట్లు అయిపోతే మా ఆయన లాజరు లుంగీలు. ఒకనాడు ఆయన నాతో వస్తూ కూరగాయల అంగడి దగ్గర ఆగిపోయి, పక్కింటావిడ భుజాన వేలాడుతున్న సంచిని తేరిపార చూశాడు.

"ఏమే విశ్వాసమ్మా, అది నా లుంగీ గదే!" అని నా వైపు తిరిగాడు.

"నీ లుంగీనే. నీ పొట్టకు సరిపోక శానా దినాలాయె. ఇప్పుడు వంకాయలకు పనికొస్తాండాది."

పాల ప్యాకెట్లు మానేశాం. తెల్లారకముందే లాజరు చేతికి చెంబిచ్చి బర్రెలున్న ఇంటికి తోలేదాన్ని. "పెండ్లికి ముందు గూడా నీ ఎనక ఇంత తిరగలేదు గదే" అని గొణుక్కుంటూ పోయేవాడు. షాంపూ పొట్లాలు పోయి కుంకుడుకాయలు వచ్చాయి. వీధి మొత్తానికి ఆదివారం కళ్లు ఎర్రగా ఉండేవి. కొత్త మనిషెవరైనా చూస్తే ప్రార్థనలో ఏడ్చారనుకోవాలి.

పాప మా ఇంట్లోనే ఉంది కాబట్టి డైపర్ల బరువు మా వీధి నెత్తిన పడింది. అమ్మో, ఆ బరువు! మెత్తని నూలు చీర ఒకటి చింపి లంగోటీలు కుట్టేశాను. అది తెలిసిన రోజే కృపమణి పెద్ద డైపర్ల ప్యాకెట్ మోసుకొచ్చింది. "పాపకు ఇబ్బంది గదా వదినా, మనసాగక తెచ్చినా" అంది. ఎంత ప్రేమో! సాయంత్రానికల్లా అల్లుడి చేత వెనక్కి పంపాను. తెల్లారేసరికి అది మళ్లీ మా అరుగు మీద ఉంది. నేను మళ్లీ పంపాను. అలా కొన్నాళ్లు రెండు వీధుల మధ్య తిరిగి తిరిగి చివరికి అయ్యగారింట్లో తేలింది. ఆయన పిల్లలందరూ కాలేజీల్లో చదువుతున్నారు.

మధ్యాహ్నం వీచే గాలి ఒకటి. కింది వీధి నుంచి కవర్లను ఎగరేసుకొచ్చి మా జాలిముళ్ల చెట్లకు తగిలించేది. ఒక కవరు పట్టుకుని నేను పరుగున దిగువకు పోయాను.

"ఇది మీది!"

"యాడ రాసుండాది మా పేరు?" అని ఆమె ఒక కొస పట్టుకుంది. ఇద్దరం చెరో కొస పట్టుకుని గుంజితే కవరు రెండు ముక్కలైంది. గాలికి వచ్చినవన్నీ గుడి లెక్కలో వేసుకుంటానని అయ్యగారు తీర్పు చెప్పేదాకా ఆ గొడవ తెగలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆమె బండికి పెట్టిన కట్టడి చూస్తే నాకే మతిపోయింది. గిన్నె తేనివాళ్లకు బజ్జీ లేదు పొమ్మంది. బండల లారీ డ్రైవర్లు క్యారేజీలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. రైలు దిగిన పరాయి ఊరివాళ్లకని ఆత్మకూరు నుంచి మోదుగాకుల విస్తళ్లు తెప్పించింది. వారం వారం కాటా మీద వాళ్ల వీధి మూట చిక్కిపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

అప్పుడు దొరికింది నాకు తెల్లపొడి. లాజరు బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషను నడుపుతాడు. పాలిష్ పట్టిన నీళ్లు ఎండితే మెత్తని రాతిపొడి మిగులుతుంది. సబ్బుబిళ్లల కవర్లు కూడా ఎందుకని ఆ పొడి తెప్పించి, గుడ్డతో జల్లించి, కాస్త చింతపండు తగిలించి బోకులు తోమి చూశాను. బుస్సున నురగ! గిన్నెలో నా మొహం నాకు కనిపించింది. మీది వీధి ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

అంత గొప్ప పొడిని ఏ డబ్బాలో పడితే ఆ డబ్బాలో పెడతామా? మా అమ్మ డబ్బాలో పోశాను. ఆమె జీవితంలో కొనుక్కున్న మొదటి స్టీలు సామాను అది. అంగడివాడు చుక్కలు చుక్కలుగా సువార్తమ్మ అని పేరు కొట్టిచ్చాడు. అమ్మకు చదువు రాదు. గని నుంచి వచ్చి చేతులు కడుక్కోగానే ఆ చుక్కల మీద వేలు పెట్టి తడుముతూ, "ఇది నేనే పాపా" అనేది. దాని పక్కనే అదే సైజు డబ్బాలో బియ్యప్పిండి. ఇంట్లో కవరన్నది లేకుండా పోయాక అన్నీ డబ్బాలే, అన్నీ తెల్లపొడులే.

ఈస్టర్ ముందు శనివారం ఆఖరి తూకం. ఇన్నాళ్ల లెక్కంతా కలిపితే మా వీధి ముందుంది. ఎంత ముందు? ఓ నాలుగు ఖాళీ పాల ప్యాకెట్ల బరువంత. అంతే చాలు! లాజరును నడివీధిలో పట్టుకుని గిరగిరా తిప్పాను. "విడువే, తల తిరుగుతాండాది" అని మొత్తుకున్నాడు. అయ్యగారు మాత్రం వేలు చూపించి, రేపటి ఫలహారం అయ్యేదాకా లెక్క మూయనన్నారు.

ఈస్టర్ నాడు తెల్లవారుజామునే సమాధుల దగ్గర పాటలు పాడి వచ్చి, గుడి ఆవరణలో రెండు వీధులవాళ్లం ఫలహారానికి కూర్చున్నాం. వంట కృపమణిదే. ఉగ్గాని దింపి, బజ్జీలకు పిండి కలపబోతూ, "వదినా, బియ్యప్పిండి తక్కువొచ్చె. కరకరలాడవు. మీ ఇంట్లో ఉండాదా?" అని కేకేసింది.

గెలవబోయే మనిషిని కదా, దయ పొంగుకొచ్చింది. అల్లుణ్ణి పిలిచి, "వంటింట్లో పై అరలో స్టీలు డబ్బా, తెల్లగా ఉంటాది, తీసుకురా నాయనా" అన్నాను. అత్తగారి వంటింట్లో ఎప్పుడూ అడుగుపెట్టని పిల్లవాడు పరుగున పోయి, పరుగున వచ్చి, డబ్బా తల్లి చేతికిచ్చాడు. నేను అటు చూడలేదు. పాపకు బాప్తిస్మం గౌను తొడుగుతున్నాను.

బజ్జీలు పొంగాయి చూడండి! మిరపకాయల్లో కూరిన చింతపండు తగిలిన చోటల్లా బుస్సుమని ఉబ్బి ఒక్కోటీ సొరకాయంత అయింది. "ఏం చెయ్యి కృపమణీ నీది!" అని అందరూ మెచ్చుకున్నారు. ఆమె మొహం వెలిగిపోయింది. మొదటిది అయ్యగారికి పెట్టారు. కొరికారు. కరకర. ఆయన నమలడం ఆపారు. ఇంకోసారి నమిలారు. కరకర. అప్పటికే పిల్లలు తూతూ అని ఉమ్మడం మొదలుపెట్టారు. లాజరు కొరికిన ముక్కను చేతిలోకి తీసుకుని చూసి, "ఇది మన బండే గదప్పా!" అన్నాడు. ఆవరణంతా నవ్వులే నవ్వులు. తినబోయినవాళ్లు విస్తళ్లు పక్కకు నెట్టారు. ఉగ్గాని చూస్తే కొందరికే సరిపోయింది, ఆకలికి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. రెండు వీధుల మగవాళ్లు మోటారు సైకిళ్లేసుకుని బస్టాండుకు పరిగెత్తి, హోటలు ఇడ్లీలు తెచ్చారు. ఇడ్లీ కవర్లు, చట్నీ కవర్లు, సాంబారు కవర్లు, వాటన్నిటినీ కలిపి పెట్టిన పెద్ద కవర్లు! లెంటంతా మేం మిగిల్చినదానికంటే ఆ ఒక్క పూట పోగుబడింది ఎక్కువ.

"ఈ కవర్లు ఎవరి లెక్కలో రాయాల?" అన్నారు అయ్యగారు తల పట్టుకుని.

"బజ్జీ చెడగొట్టినోళ్ల లెక్కలో!" అని మా వీధివాళ్లు అరిచారు. ఎవరో కుర్రాడు, "రేపటి నుంచి ఆ బండి కాడికి పోవాలంటే సుత్తి గూడా తీసుకపోవాల!" అన్నాడు. మళ్లీ నవ్వులు.

కృపమణి మాత్రం నవ్వలేదు. బాణలి పక్కన నిలబడి పిండిలో చెయ్యి పెట్టి తడుముతోంది. "నా చేతిలో ఎన్నడూ ఇట్ల కాలేదే... నా చేతిలో ఎన్నడూ..." అంటోంది. కళ్ల నిండా నీళ్లు. ఆమె పక్కనే బెంచీ మీద మా అమ్మ డబ్బా. చుక్కల పేరు నా వైపే ఉంది.

పిండి డబ్బా కాదది, రాతిపొడి డబ్బా! లాజరు మాటను అందరూ హాస్యమనుకున్నారు, డబ్బా మారిందని నాకు తప్ప ఎవరికీ తట్టలేదు. నోరు మూసుకుంటే గెలుపు నాది, పాప సువార్త. అమ్మ పేరు కోసం ఇన్నాళ్లు ఇంతమందితో కొట్లాడాను. కానీ అమ్మ పేరున్న డబ్బా పక్కనే ఒక ఆడమనిషి తన చేతి వంట మీద పడ్డ మాటకు ఏడుస్తుంటే, ఆ పేరు నేనెలా పెట్టుకోను? పాపను ప్రేమజ్యోతి ఒళ్లో పెట్టి లేచాను.

"ఆపండప్పా మీ నవ్వులు! ఆమె చేతికి ఏం కాలేదు. పిండి నాది. పిండి గూడా కాదు, బోకులు తోమే రాతిపొడి. డబ్బా మా ఇంటిది, యాడుండాదో అల్లునికి చెప్పినదీ నేనే. ఆ కవర్లన్నీ మా వీధి లెక్కలో రాయండి అయ్యగారూ!"

మా వీధి ఆడవాళ్లు నన్ను కొరికి తినేసేలా చూశారు. లాజరు నెత్తి కొట్టుకున్నాడు. కాటా చెప్పాల్సింది చెప్పింది. కింది వీధి గెలిచింది. నేను గుడిలోకి పోయి వెనక బెంచీలో, ఎవరికీ కనపడకుండా కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను. దాచుకోవడమెందుకు?

బాప్తిస్మం దగ్గర అయ్యగారు పాపను ఎత్తుకుని, "పేరేందమ్మా?" అని కృపమణిని అడిగారు. ఆమె ముందుకు వచ్చింది. చంకలో ఏదో మెరుస్తోంది. మా అమ్మ డబ్బా! కడిగి, తుడిచి, అద్దంలా చేసి తెచ్చింది. దాని మీద చుక్కల పేరును వేలితో తడుముతూ, కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది.

"సువార్త."

నాకు కాళ్లు ఆగలేదు. చెప్పులు వదిలేసి నడవా మధ్యలోంచి పరిగెత్తాను. "బ్లెస్సీ అనుకుంటివి గద వదినా!"

"అనుకున్న్యా. నువ్వు లేసి ఆ మాట చెప్పకపోయింటే రేపు నా బండి మొగం ఎవరు చూస్తురు?" అని ఆమె కొంగుతో నా మొహం తుడిచింది. ఆ కొంగుకు ఇంకా పిండి ఉంది. ఇద్దరి మొహాలూ తెల్లగా అయ్యాయి. గుడంతా చప్పట్లు. నీళ్లు పడగానే పాప ఊరు ఎగిరిపోయేలా ఏడ్చింది, మొహమంతా ఉబ్బి ఎర్రబడింది. అది చూసి వెనక నుంచి ఒక కుర్రవెధవ, "బజ్జీ పొంగినట్ల పొంగె!" అని అరిచాడు.

అంతే. ఇప్పుడు రెండు వీధుల్లోనూ ఎవరి చేతిలో చూసినా సంచో క్యారేజో ఉంటుంది, ఎవరూ తూయకపోయినా. మా పాపకు పాకడం వచ్చింది. నేను "సువార్తా, సువార్తా" అని గొంతు చించుకుని పిలిస్తే తల కూడా తిప్పదు. కృపమణి బండి ముగించుకుని వచ్చి వీధిలోంచి "బజ్జీ!" అంటే చాలు, కిలకిలా నవ్వుతూ పాక్కుంటూ పోతుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. గుమ్మం దాటకముందే పట్టుకోవాలి కదా, నేను కూడా "బజ్జీ, ఆగే!" అని వెనకాల పరిగెత్తుతాను.