సాంచాల గొంతు

తిరుమలకు కాలి మెట్టెలు ఇంకా అలవాటు కాలేదు. కరీంనగర్‌లో యూనివర్సిటీ వరండా మీద నడుస్తుంటే గచ్చుకు తగిలి టక్కుటక్కుమనేవి. వెనక ఎవరో వస్తున్నారని తిరిగి చూసేది. ఎవరూ ఉండేవారు కాదు. అది తన పెళ్లి చప్పుడేనని గుర్తొచ్చి ఒక్కతే నవ్వుకునేది.

పెళ్లయితే అయింది కానీ మొగుడూ పెళ్లాం ఒక ఊళ్లో లేరు. హరీష్ ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ దగ్గర సర్కారు బడిలో పంతులు. తిరుమలది సోషల్ వర్క్ చివరి ఏడాది. ఆదివారం వస్తే ఆదిలాబాద్ బస్సు ఎక్కడం, సోమవారం పొద్దున కళ్లు నులుముకుంటూ దిగడం. అందుకే వాలంటీర్ల శిక్షణ గురించి నోటీసు పడగానే అందరికంటే ముందు పేరిచ్చింది. శిక్షణలో నెగ్గినవాళ్లను మిగిలిన టర్మంతా ఇచ్చోడ చుట్టుపక్కల గూడేల్లో పనికి పంపుతారట. నెగ్గనివాళ్లు కరీంనగర్ వార్డుల్లోనే తిరగాలి.

"ఇచ్చోడ జట్టుల పడ్డననుకో, రోజూ పొద్దుగూకంగ నీ అన్నం డబ్బాల ఏం మిగిలిందో నేనే సూస్త సారూ," అని ఫోన్‌లో హరీష్‌ను బెదిరించింది. మొగుణ్ని ఆమె సారూ అనే పిలుస్తుంది. అలా పిలిస్తే అతని చెవులు ఎర్రబడతాయని పెళ్లిచూపుల నాడే కనిపెట్టింది.

శిక్షణ తమాషాగా సాగింది. పాఠం చెప్పే పద్మలత మేడం ఒకరోజు పిల్లలను రెండు జట్లు చేసింది. ఒక జట్టు ఆచారం ప్రకారం ఎదుటి మనిషి కళ్లలోకి చూడకూడదు. రెండో జట్టుకు, చూడకుండా మాట్లాడితే అవమానం. ఒక జట్టు నియమం ఇంకో జట్టుకు చెప్పకుండా అందరినీ కలిపి టీ తాగమంది. పావుగంటలో సగంమంది అలిగి కూర్చున్నారు. మందమర్రి బొగ్గుగనుల కాలనీ నుంచి వచ్చిన సాయిచంద్, "నా మొఖంల ఏమన్న అంటుకున్నదా? ఒక్కరు గుడ సూస్తలేరు," అని అద్దం వెతుక్కున్నాడు. తిరుమల కడుపు పట్టుకుని నవ్వింది. మనుషులు ఎన్ని రకాలుగా ఉంటారో అనుకుంటే ఆమెకు కొత్త ఊరి సంతలో తిరుగుతున్నట్టుగా ఉండేది.

చివరి పరీక్ష గురించి విన్నాక మాత్రం నవ్వు తగ్గింది. ఒక్కొక్కరూ గోండు గూడెంలో ఒక్కో ఇంట్లో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఉండాలి. తర్వాత మేడం వచ్చి ఆ ఇంటి పెద్దను ఒకటే మాట అడుగుతుంది: ఈ పిల్లను మళ్లీ పంపాలా, వద్దా?

"నీకేం ఫికర్ తిరుమలక్కా," అన్నాడు సాయిచంద్. "ఇచ్చోడ బస్టాండుల నిలవడి నువ్వు మాట్లాడితే హరీష్ బావకు ఫోన్ లేకుండనే ఇనబడ్తది."

ఆ మాట అబద్ధం కాదు. తిరుమల సిరిసిల్లలో సాంచాల నడుమ పుట్టి పెరిగింది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాళ్ల బాపు సాంబయ్య షెడ్డుకూ ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. పొద్దున మొదలైన ధనధన పొద్దుగూకేదాకా ఆగదు. ఆ చప్పుడులో మాటకు ఒకటే పద్ధతి. చెప్పింది విని ఎదుటి మనిషి వెంటనే తలూపాలి, లేదా చెయ్యెత్తాలి. ఏదీ చేయకపోతే వినలేదని లెక్క. ఇంకా గట్టిగా మళ్లీ చెప్పాలి. అప్పటికీ లేకపోతే ఇంకా గట్టిగా. ఆమెకు నడకా మాటా ఒకేసారి వచ్చాయి, ఈ పద్ధతి ఆ రెంటితో పాటే వచ్చింది.

పెళ్లయిన వారంలోనే అత్త సత్తమ్మ కొడుకును పక్కకు పిలిచి, "కొత్తపిల్ల నీ మీద గంత కోపంగ ఉన్నదేందిరా?" అని అడిగిందట. అప్పుడు తిరుమల అడిగింది, చాయ్ తాగుతవా అని మాత్రమే. హరీష్ వెంటనే పలకలేదని మూడుసార్లు అడిగింది. ఆ కథ ఆమె అందరికీ నవ్వుతూ చెప్పేది. అందులో నవ్వు తప్ప ఇంకేమైనా ఉందేమోనని తోచలేదు.

పరీక్ష నాడు గూడెం చేరేసరికి మంచు ఇంకా కంది చేల మీదే ఉంది. తిరుమలకు ఇచ్చిన ఇల్లు ఆత్రం సోంబాయిది. నున్నగా అలికిన అరుగు మీద కూర్చుని ఉన్న ఆ పెద్దావిడ లేచి "రాం రాం" అంది. తిరుమల కూడా "రాం రాం" అంది. కోడలు రుక్మాబాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అరుగు మీద తొట్టెలలో పసివాడు నిద్రపోతున్నాడు. ఇంతవరకు అంతా మేడం చెప్పినట్టే జరిగింది.

తిరుమల అరుగు వెనక గోడను చేత్తో తడిమి చూసింది. చల్లగా, పసిపిల్ల చెంపలా ఉంది.

"పెద్దమ్మా, గోడలు మస్తు నున్నగున్నయ్. దేంతోని అలికిన్రు?"

సోంబాయి ఆమె వైపు చూసింది. ఏమీ అనలేదు.

వినలేదేమో. "పెద్దమ్మా! గోడలు! దేంతోని అలికిన్రు?"

సోంబాయి గోడ వైపు చూసింది. పెదవి కదిలినట్టయింది.

ముసలామెకు చెముడేమో పాపం. తిరుమల ముందుకు వంగి, షెడ్డులో ఆ మూలనున్న బాపును పిలిచినట్టు పిలిచింది. "దేంతోని! అలికిన్రు! పెద్దమ్మా!"

తొట్టెలలో పిల్లవాడు ఉలిక్కిపడి లేచి కెవ్వుమన్నాడు. పందిరి కింది మేకపిల్ల తాడు తెంపుకున్నంత పని చేసింది. రుక్మాబాయి పిల్లవాణ్ని ఎత్తుకుని లోపలికి పోయింది. సోంబాయి కందికాయల గంప చంకన పెట్టుకుని, ఒక్క మాట కూడా అనకుండా పెరట్లోకి నడిచింది.

అరుగు మీద తిరుమలా, మేకపిల్లా మిగిలారు.

ఎక్కడ తప్పిందో అర్థం కాలేదు. అడిగింది గోడ గురించేగా! ఇంకాసేపటికి మేడం వస్తుంది. ఈ ముసలామె వద్దంటే కరీంనగర్ వార్డులు, ఆదివారం బస్సు, సోమవారం పొద్దున దిగడం. స్కూలు గేటు దగ్గర హరీష్‌ను హఠాత్తుగా ఎదుర్కోవాలని ఎన్నిసార్లు ఊహించుకుందో! మేకపిల్ల వంక చూసి, "నువ్వన్న జెప్పు, నేనేం జేసిన?" అని అడిగింది. అది ఆమె చున్నీ అంచు నమలడం మొదలుపెట్టింది.

చున్నీ లాక్కుంటూ లేచేసరికి పక్క గది తలుపు సందులోంచి తెల్లగా ఏదో కనిపించింది. ఎంత దిగులులో ఉన్నా కళ్లు ఊరుకుంటాయా. తొంగి చూసింది. గది నిండా పత్తి. నేల నుంచి వాసాల దాకా, కిటికీ మూసుకుపోయేలా. తిరుమల పుట్టినప్పటి నుంచి నూలు చూసింది, కండెలు చూసింది, తానులకు తానులు బట్ట చూసింది. ఇంటి చూరును తాకే పత్తిని మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఆ పత్తి వాలులో కూర్చుని రుక్మాబాయి పిల్లవాణ్ని జోకొడుతోంది. "దా," అంది.

తిరుమల లోపలికి అడుగేసింది. మోకాళ్ల దాకా దిగింది. "అబ్బ! ఎంత మెత్తగున్నదో!" అంది.

అని, ఆగిపోయింది. ఆ మాట తనది కాదు. గోడలు, కప్పు, మూలలు అన్నీ పత్తే కావడంతో గొంతు పోయి దేనికీ తగలలేదు, తిరిగి రాలేదు. ఎవరో చిన్నపిల్ల పక్కగదిలో గుసగుసలాడినట్టుగా ఉంది.

"నా గొంతు ఏడికి పోయింది?"

రుక్మాబాయి కిసుక్కుమంది. పిల్లవాడు కదలలేదు. "ఈడ గట్టిగ ఒర్లినా లేవడు. అందుకే ఈడికి తెస్త." పిల్లవాణ్ని సర్దుకుంటూ అడిగింది. "నువ్వెందుకు మా అత్త మీద గంత కోపం జేసినవ్?"

"కోపమా? నాకా? ఆమెకు ఇనబడకపాయె గదా!"

"ఎందుకినబడలే? నువ్వు ఒకసారి అన్నప్పుడే ఇన్నది. జవాబు ఆలోచన జేస్తుండె. నువ్వు మల్ల అడిగితివి. ఆమె ఆలోచన జేసేలోపల మల్ల అడిగితివి. ఏదో తప్పయింది, గీ పిల్ల తిడ్తున్నది అనుకున్నది."

తిరుమలకు చాయ్ తాగుతవా అని మూడుసార్లు అడిగిన పొద్దు గుర్తొచ్చింది. హరీష్ కూడా విన్నాడన్నమాట, మొదటిసారే.

"మీ గోండులల అందరు గట్లనేనా?" అని చిన్నగా అడిగింది.

"అందరా?" రుక్మాబాయికి నవ్వాగలేదు. "గా పక్కింటి పెద్దత్త నోరు తెరిస్తే కోళ్లు గూట్లకెల్లి ఉరుకుతయ్. మా తల్లిగారింట్ల అయితే అందరం వాగుడోళ్లమే. ఈ ఇల్లే గిట్ల. మా అత్త గంతే, మా ఆయిన గంతే. నేను కొత్తగ వచ్చినప్పుడు మస్తు పరేషానైన. ఈడ మాట అడిగితే జవాబు వచ్చేసరికి ఒక జొన్నరొట్టె కాలుతది."

"రెండు దిక్కులనా?"

"రెండు దిక్కుల."

ఇద్దరూ పత్తిలో ముఖాలు దాచుకుని నవ్వారు. తిరుమల సాంచాల సంగతి చెప్పింది. వినలేదనుకుంటే గొంతు పెంచడం, దూరం నుంచి చేతులతోనే అన్నం తిన్నవా అని అడగడం, చూపించింది. రుక్మాబాయి ఆ సైగలు రెండు నేర్చుకుని పిల్లవాడి మీద ప్రయోగించింది.

పెరట్లో సోంబాయి కందికాయలు వలుస్తోంది. తిరుమల పక్కన చతికిలబడి తనూ కొన్ని తీసుకుంది.

"పెద్దమ్మా, పొద్దుగాల నాది కోపం గాదు. మా ఇంట్ల సాంచాల సప్పుడు. ఇనలేదనుకుని ఒర్లిన."

అని పళ్లు గట్టిగా బిగించింది. సోంబాయి ఏమీ అనలేదు. మళ్లీ చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. మనసులో పెనం మీద రొట్టె వేసుకుంది. అది కాలేలోగా ఎన్ని కనిపించాయో! కాయలో గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్న తీరు. గిల్లినచోట వచ్చే పచ్చివాసన. సోంబాయి చేతి మీద పచ్చబొట్టు, దాని మీద వాలి లేచిపోయిన చిన్న పురుగు. ఇన్నేళ్లూ ఈ ఖాళీలన్నింటినీ తన గొంతుతోనే నింపేసిందా ఏమిటి? రొట్టె ఇంకో వైపు తిప్పింది.

"ఎర్రమట్టి, పేడ," అంది సోంబాయి.

తిరుమలకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పొద్దుటి ప్రశ్నకు జవాబు అది!

"కోడలు అలికింది. గా మూలకు సరిగ్గ రాలే. గా మాట జెప్పాల్నా వద్దా అని సూస్తుంటి," అని సోంబాయి ముసిముసిగా నవ్వింది.

మధ్యాహ్నం పద్మలత మేడం వచ్చింది, వెనక సాయిచంద్. వాడికిచ్చిన ఇల్లు పక్కింటి పెద్దత్తదట. మాటల్లో పడి నీళ్లు తాగడానికి కూడా తీరలేదని గొంతు రాసుకుంటున్నాడు. మేడం అరుగు మీద కూర్చుని అడిగింది. "అమ్మా, ఈ పిల్లను మళ్లీ పంపమంటారా?"

సోంబాయి పలకలేదు.

మేడం కొంచెం ముందుకు వంగి, "అమ్మా..." అనబోయింది. తిరుమల చేయి దానంతటదే లేచింది. అరచేయి కిందికి తిరిగి, వేళ్లు రెండుసార్లు మెల్లగా ఊగాయి. దారం తెగినప్పుడు సాంచా దగ్గర చేసే సైగ అది: ఆగు, జర ఆగు. మేడం ఆగింది. తలుపు దగ్గర రుక్మాబాయి నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

రొట్టె ఒక వైపు కాలింది. రెండో వైపు కూడా కాలింది. మాడుతుందేమోనని తిరుమలకు భయమేసింది.

"పొద్దుగాల వచ్చిన పిల్లయితే వద్దు," అంది సోంబాయి. "గిప్పుడున్న పిల్లను పంపుండ్రి."

అందరూ లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఇంకో మాట వచ్చింది. "గా సాంచాలు నేను గుడ సూడాలె. ఎంత సప్పుడు జేస్తయో."

రోడ్డెక్కాక తిరుమల ఫోన్ తీసింది. బడిలో భోజనాల వేళ, వెనక పళ్లేల చప్పుడు.

"సారూ, ఇచ్చోడ జట్టుల నేనున్న," అంది, ఒక్కసారి, మామూలు గొంతుతో.

అవతల మాట లేదు. తిరుమల నవ్వుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని పెనం పెట్టింది. ఆలోచించుకోనీ పాపం, ఎంతసేపైనా. రొట్టె సగం కూడా కాలలేదు.

"హలో? హలో!" హరీష్ అరిచాడు. పక్కనున్న సాయిచంద్ అదిరిపడ్డాడు. "తిర్మలా! ఏమైంది? లైన్ కట్టయిందా? ఎందుకు మల్ల జెప్తలేవ్? హలో! ఇనబడ్తుందా?"

వెనక బడిపిల్లలంతా గొల్లున నవ్వారు.

"ఇనబడ్డది సారూ," అంది తిరుమల. "గట్ల ఒర్లకు, మా అత్త ఇంటే నీకు నా మీద కోపమనుకుంటది."