ఫోర్కు లోపలి చెర్రీలు

పాత సైకిళ్ల పిచ్చి పట్టినవాళ్లకు తిండీ నిద్రా అక్కర్లేదు. ఇటలీలోని మరోస్తికా ఊళ్లో ఓర్నెల్లా సైకిళ్ల షాపుకు వచ్చేవాళ్లంతా ఆ బాపతే. డెబ్బై మూడు నాటి ఫ్రేముకు డెబ్బై అయిదు నాటి గేరు బిగిస్తే వాళ్ల దృష్టిలో అది హత్యానేరం. వాళ్లను చూసి ఓర్నెల్లా నవ్వుతుంది గానీ, ఆమె మాత్రం తక్కువ తిన్నదా! బ్రేకు పిడుల మీది రబ్బరు తొడుగుల కోసం చుట్టుపక్కల ఊళ్లలో పాత సామాన్ల సంతలన్నీ గాలించిన మనిషి.

ఆ వసంతంలో మిలాన్ డాక్టరొకాయన ఓ నీలం సైకిలు తెచ్చి అప్పగించాడు. గొట్టం మీద తెల్లటి అక్షరాలతో 'బెల్ఫోంతే' అని కంపెనీ పేరు. యాభై ఏళ్ల కిందట వాల్దేర్ పిరానీ డోలమైట్ కొండల పందెం గెలిచింది దాని మీదే. రంగు ముట్టుకోవద్దనీ, పోయిన భాగాలు ఆ కాలానివే వెతికి బిగించాలనీ చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు. ఓర్నెల్లా ఆ సైకిలు మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఇంటి పరువు పోయింది దాని మూలంగానే మరి.

ఓర్నెల్లా తండ్రి సెవెరినో ఫ్రేములు కట్టే మనిషి. ఆ రోజుల్లో పెద్ద కంపెనీల పందెం సైకిళ్లకు ఫ్రేములు కట్టిచ్చేది ఇలాంటి చిన్న షాపులవాళ్లే. రంగు కంపెనీది, పేరు కంపెనీది. కట్టినవాడు నోరు విప్పకూడదు; విప్పితే మర్నాటి నుంచి పని ఉండదు. పిరానీ గెలిచిన ఆదివారం రాత్రి ఊరి బార్లో సెవెరినోకు రెండో గ్లాసు గ్రాప్పా సారా లోపల పడింది. నోట్లో నువ్వుగింజ నానలేదు. "ఆ సైకిలు కట్టింది నేనే" అనేశాడు. పందెం నుంచి అప్పుడే తిరిగొచ్చిన పిరానీ జట్టు మెకానిక్కు ఎర్మెస్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. కుర్చీలోంచి పడిపోయేంతగా నవ్వాడు.

"విన్నారా, వీడు కట్టాడట! రేపు పోపుగారి కారు కూడా నేనే చేశానంటాడు!"

బారంతా ఘొల్లుమంది. ఆనాటి నుంచి సెవెరినో పేరు ఛాంపియన్. ఆయన కనిపిస్తే చాలు, "ఛాంపియన్ వస్తున్నాడు, దారివ్వండి" అనేవాళ్లు. బళ్లో ఓర్నెల్లాను కూడా ఛాంపియన్ కూతురని ఏడిపించారు. సెవెరినో మళ్లీ ఆ మాట ఎత్తలేదు, కూతురి దగ్గర కూడా. ఇప్పుడాయనకు ఎనభై దాటాయి, ఊపిరితిత్తులు బాగోలేవు. నాన్న కోతలు కోశాడా, నిజం చెప్పాడా? ఆయన ఉండగానే అది తేలాలని ఓర్నెల్లా కోరిక.

ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు పైగొట్టం ఫ్రేము లోపల దాక్కుని ఉంటుంది. అక్కడికి రంగూ చేరదు, కంపెనీ పేరూ చేరదు. బేరింగులకు గ్రీజు పెట్టే మెకానిక్కు తప్ప దాన్ని చూసేవాళ్లుండరు. ఓర్నెల్లా ఫోర్కు బయటికి లాగి, ఎండిపోయిన గ్రీజును గుడ్డతో తుడిచింది. ఉక్కు మీద ఒకే కాడకు రెండు చెర్రీ పళ్లు. పాత మేకును అరగదీసి చేసుకున్న పంచ్‌తో సెవెరినో తను కట్టిన ప్రతి సైకిలుకూ కొట్టే గుర్తు అది. ఆమెకు కళ్లు మసకబారాయి.

షాపు వెనక గదిలో సెవెరినో మధ్యాహ్నం వంటకు తెల్ల ఆస్పరాగస్ కాడల తొక్క తీస్తున్నాడు.

"నాన్నా, ఇదేంటి?"

ఆయన ఓ చూపు చూసి మళ్లీ కత్తి ఆడించాడు. "ఫోర్కు. తాతకు దగ్గులు నేర్పుతున్నావా?"

"చెర్రీలు నాన్నా! నువ్వు నిజమే చెప్పావు!"

"చెప్పకూడని నిజం. మాటిచ్చి తప్పాను. నవ్వారు, చెల్లుకు చెల్లు. అక్కడ పెట్టు."

"కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇంకా ఎవరికి నాన్నా మాట?"

"ఇచ్చింది నేను. నేనింకా మూతపడలేదుగా."

ఇంకో కాడ తొక్క తీసి, తల ఎత్తకుండానే అన్నాడు. "ఊరు నవ్వితే నవ్వనీ. ఎర్మెస్ పనితనం తెలిసినవాడే. నా చేతి పనిని వాడు గుర్తుపట్టలేదు చూడు, అదీ నా బాధ."

ఆ మాటతో ఓర్నెల్లా ఆగలేకపోయింది. ఫోర్కును పాత పేపర్లో చుట్టుకుని తిన్నగా బారుకు నడిచింది. ఎర్మెస్ పేక ముక్కలు పంచుతున్నాడు.

"ఏంటమ్మా, ఛాంపియన్ ఏదో పంపించినట్టున్నాడే?"

"ఇది చూసి నవ్వు బాబాయ్, ఎంత నవ్వుతావో నేనూ చూస్తా."

పొట్లం బల్ల మీద పెట్టి విప్పబోయింది. ముసలాయన చెయ్యి దాని మీద పడింది.

"విప్పక్కర్లేదమ్మా. రెండో పండు కాస్త కిందికి జారి ఉంటుంది."

పేక ఆడుతున్నవాళ్లంతా ఇటు తిరిగారు.

"నీకు తెలుసా?"

"ప్రతి పందెం తర్వాత విప్పి గ్రీజు పెట్టింది నేనేగా."

"మరెందుకు నవ్వావు బాబాయ్? మా బతుకంతా నవ్వులపాలయింది!"

"ఆ రోజు కౌంటరు దగ్గర బెల్ఫోంతే యజమాని అల్లుడు కాఫీ తాగుతున్నాడు. మీ నాన్న వాడికి వీపు పెట్టి కూర్చున్నాడు, చూసుకోలేదు. నేను నవ్వకపోతే అందరూ నమ్మేసేవాళ్లు. సోమవారానికి మీ నాన్నకు పని ఉండేది కాదు. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు."

"తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"కంపెనీ పోయాక చెబుదామనుకున్నా. అప్పటికి ఆ నవ్వు ఊరందరిదీ అయిపోయింది. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి... సిగ్గేసిందమ్మా."

ఓర్నెల్లాకు ఆయన్ని చెడామడా తిట్టాలనీ ఉంది, చెయ్యి పట్టుకోవాలనీ ఉంది. "చెప్పాల్సింది నాక్కాదు. లే" అంది.

ఎర్మెస్ పేక ముక్కలు వదిలేసి ఆమె వెంట నడిచాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ షాపు గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. సెవెరినో కత్తి పక్కన పెట్టాడు.

"రెండో పండు ఎందుకు జారిందిరా?" అని అడిగాడు ఎర్మెస్.

సెవెరినో ఆయన ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. వీడు చూశాడు. విప్పిన ప్రతిసారీ చూశాడు. ఆ ముసలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆయన తుడుచుకోలేదు.

"పాప ఒక్కసారిగా ఏడుపందుకుంది. చెయ్యి అదిరింది" అన్నాడు. "మరి ఎందుకు నవ్వావురా?"

"నీ వెనకే అల్లుడున్నాడురా, వెధవా."

సెవెరినోకు దగ్గూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎర్మెస్ చొక్కా చేతులు మడిచి, ఓర్నెల్లా దగ్గర ఫోర్కు అందుకుని చెయ్యి చాచాడు.

"ఆ గ్రీజు డబ్బా ఇలా ఇవ్వు, ఛాంపియన్."

సెవెరినో లేచి, అలమారలోంచి డబ్బా తీసి ఇచ్చాడు.

"తక్కువ రాయి. చెర్రీలు మునిగిపోతాయి."