వలల షెడ్డులో నేర్చిన అడుగు

అండమాన్‌లోని ఫెరార్గంజ్ స్కూలు మైదానంలో ఐదు రోజులు జరిగిన కరాటే క్యాంపులో, ఆఖరి రోజు పొద్దున, అంతమంది చూస్తుండగా మంజును ఫెయిల్ చేశారు. పరీక్షన్నాక ఒకరు పాసవుతారు, ఒకరు పోతారు, దానికేం! కానీ ఈ పిల్లను ఫెయిల్ చేసిన తీరు వింటే ఎంత నెమ్మదస్తుడికైనా ఒళ్ళు మండుతుంది.

మంజుకు పంతొమ్మిదేళ్ళు. డిగ్నాబాద్‌లో ఉంటూ బజారులో చేపలమ్మే తాతమ్మ అనే ఆవిడ కూతురు. పదేళ్ళప్పుడు యిర్మియా సార్ దగ్గర కరాటేలో చేరింది. ఆయనకు పగలు జెట్టీ ఆఫీసులో ఉద్యోగం, సాయంత్రం పిల్లలకు కరాటే. చెడ్డవాడేం కాదు. ఎవరూ పట్టించుకోని పిల్లల్ని పోగేసి ఏళ్ళ తరబడి నేర్పినవాడు. ఆ మాట దాచకూడదు, మంజు కూడా ఏనాడూ దాచలేదు. అయితే ఆయనకు డ్యూటీ పడిన రోజుల్లో క్లాసు నడిపింది ఎవరు? మంజు. డిగ్లీపూర్‌లో ఆయన బ్రాంచి తెరిస్తే, సెలవులు ఇచ్చినప్పుడల్లా తెల్లారకముందే బస్సెక్కి, నడుం విరిగేలా కుదుపులు తిని, అక్కడే రోజుల తరబడి ఉండి నేర్పింది ఎవరు? మంజే. బోర్డు మీద పేరు మాత్రం సార్‌ది. దానికీ ఆ పిల్ల ఏమీ అనుకోలేదు.

ఇప్పుడు ఆమెకు బ్లాక్ బెల్ట్ కావాలి. సరదాకి కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక స్కూలు వాళ్ళు ఆడపిల్లలకు కరాటే నేర్పే టీచరు కోసం వెతుకుతున్నారు. మంజును చూశారు, నచ్చింది. "బ్లాక్ బెల్ట్ సర్టిఫికెట్ పట్టుకురా, మరునాడే చేరిపో" అన్నారు. చేపల గంప మోయకుండా, తనకు వచ్చిన విద్యతో తాను బతకడం. తొమ్మిదేళ్ళ చెమటకు ఆమె అడిగింది అదొక్కటే.

బ్రౌన్ బెల్ట్ దాకా సారే పరీక్ష పెట్టి ఇచ్చుకుంటాడు. బ్లాక్ బెల్ట్‌కు మాత్రం విశాఖపట్నం నుంచి పెద్ద మాస్టరు గవరయ్య గారు రావాలి. అసలు సార్ దగ్గర అంతదాకా వచ్చిన శిష్యులు ఇంతవరకూ లేరు గనక, ఆయన ద్వీపాలకు రావడం ఇదే మొదలు. విమానం దిగింది కూడా నాలుగో రోజు సాయంత్రం. ఆయన ఎలాగూ వస్తున్నారని, ఈసారి చిన్నపిల్లల బెల్టు పరీక్షలు కూడా ఆయనకే అప్పగించారు. పొద్దున శిష్యుల పరీక్ష, మధ్యాహ్నం గురువు పరీక్ష. యిర్మియా సార్‌కు కూడా బ్లాక్ బెల్ట్‌లో పై డిగ్రీ ఇవ్వాల్సి ఉంది. అక్కడే వచ్చింది తంటా అంతా.

ఇక వలల షెడ్డు సంగతి. అది తెలియకపోతే ఈ అన్యాయం అర్థం కాదు.

సార్ క్లాసులు మొదలుపెట్టిన కొత్తలో చోటు దొరక్క, డిగ్నాబాద్ జాలర్లను బతిమాలుకున్నాడు. వలలు దాచుకునే రేకుల షెడ్డును సాయంత్రాలు వాడుకోమన్నారు వాళ్ళు. వాళ్ళ పెద్ద నూకన్న ఒక్కటే షరతు పెట్టాడు. "వలకి కాలు తగిలిందంటే, మరింక ఎవులూ గుమ్మం తొక్కద్దు" అన్నాడు. వల అన్నం పెట్టేది. పొరపాటున పాదం తగిలితే వంగి కళ్ళకద్దుకునే మనుషులు వాళ్ళు. మరి కరాటేలో కటా అని ఒకటుంది. ఎదుట శత్రువు ఉన్నాడనుకుని ఒక వరసలో వేసే అడుగులు, దెబ్బలు. వాళ్ళు మొదట నేర్చుకునే కటాలో నాలుగడుగులు ముందుకు వేసి గిర్రున తిరగాలి. ఆ షెడ్డులో నాలుగడుగులు వేస్తే ముక్కు ముందే వలల గుట్ట. తిరిగితే కాలు దాని మీదే పడుతుంది. అందుకని సార్ ఏం చేశాడంటే, మధ్యలో ఒక అడుగు వెనక్కి కలిపాడు. "ఏక్, దో, తీన్, చార్" అని లెక్క చెప్పి, వెంటనే "వల!" అని కేక వేసేవాడు. అందరూ ఠక్కున ఒకడుగు వెనక్కి వేసి అప్పుడు తిరిగేవాళ్ళు.

అలా ఏళ్ళు గడిచాయి. మంజు చేరేనాటికి ఆ అడుగు ఎందుకని అడిగేవాళ్ళే లేరు. వెనకడుగు కటాలోదే, కేక మాత్రం సార్ జాగ్రత్త చెప్పడం అనుకుంది ఆమె. డిగ్లీపూర్‌లో ఆమె నేర్పింది వరిచేల పక్కన బయలులో. అక్కడ వలా లేదు, గుట్టా లేదు. అయినా ఆ పిల్లలు "వల!" అని గొంతు చించుకుని వెనక్కి గెంతేవాళ్ళు. చాలామంది ఇళ్ళల్లో తెలుగు లేదు, అదేదో జపాను మాట అనుకున్నారు పాపం.

ఫోన్‌లో చూసి సరిచేసుకోవచ్చుగా అంటారేమో. సార్ చూడనిస్తేగా! "వీడియోలు చూసి నేర్చుకునేది డాన్సు. కరాటే గురువు దగ్గర నేర్చుకోవాలి" అని చూసినవాళ్ళ చేత గుంజీలు తీయించేవాడు.

సరే, పరీక్ష. గవరయ్య గారు టేబుల్ వెనక కూర్చున్నారు. పక్కనే యిర్మియా సార్, ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో. షామియానా కింద తల్లిదండ్రులు. తాతమ్మ ఆ రోజు బజారు మానుకుని, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని వచ్చింది. మంజు పేరు పిలిచారు. వెళ్ళింది, వంగి నమస్కరించింది, పెద్ద మాస్టరు లెక్క చెబుతుంటే మొదలుపెట్టింది. దెబ్బ వేస్తే చొక్కా చేయి టప్పుమని మోగుతోంది. నాలుగడుగులు, ఒక వెనకడుగు, తిరిగింది.

"ఆగు" అన్నారు గవరయ్య గారు. "ఆ వెనకడుగేమిటి?"

"కటాలోదే సార్."

"ఏ కటాలోదమ్మా? నలభై ఏళ్ళుగా చేస్తున్నాను, నాకు తెలియదే!"

ఆయన డిగ్లీపూర్ పిల్లల్ని పిలిచారు. పదకొండుమంది. మూడు రోజుల ముందే బస్సులో వాంతులు చేసుకుంటూ వచ్చి, స్కూలు వరండాలో పడుకుని, ఆ రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా చూసినవాళ్ళు. అదే కటా లెక్క మీద చేయమన్నారు. పదకొండుమందీ ఒక్క గొంతుతో "వల!" అని అరిచి వెనక్కి గెంతారు. షామియానాలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది మీకు నేర్పింది ఎవరు?"

ముందు వరసలో కళ అనే పదేళ్ళ పిల్ల, మెచ్చుకుంటున్నారనుకుని ఛాతీ విరుచుకుంది. "మంజు దీదీ!"

గవరయ్య గారు యిర్మియా సార్ వైపు తిరిగారు. అప్పుడు ఆ మనిషి ఒక్క మాట అంటే సరిపోయేది. షెడ్డు ఇరుకు సార్, నేనే కలిపాను అంటే ఎవరు ఉరి తీస్తారు? కానీ మధ్యాహ్నం తన పరీక్ష ఉంది కదా! మంజు వైపు చూడలేదు.

"అవును సార్. ఆ బ్రాంచి ఈ అమ్మాయే చూసింది. ఫోన్‌లో వీడియోలు చూసి ఏదేదో కలిపేస్తుంది. నేను చెప్తూనే ఉన్నాను, వినదు."

ఎంత మాట! తొమ్మిదేళ్ళు సార్ సార్ అని ఆయన వెంట తిరిగింది మంజు. ఆయన ఇప్పటికైనా లేచి ఆ మాట సరిదిద్దుకుంటాడేమోనని చూసింది. ఆయన బెల్టు సర్దుకుంటున్నాడు.

గవరయ్య గారు కాగితం మీద అడ్డగీత కొట్టారు. "తప్పు చేయడం వేరు, తప్పు నేర్పడం వేరు. నువ్వు రెండేళ్ళ తర్వాత రా. ఈ పిల్లలు కూడా మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఎవరికీ బెల్టు లేదు."

పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. కళ మాత్రం మంజు దగ్గరకు వచ్చి, చెయ్యి పట్టుకుని అడిగింది. "దీదీ, సచ్‌లో నువ్వు మాకు గలత్ నేర్పావా?"

అప్పుడు మంజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం పోతే పోయింది. రెండేళ్ళు పోతే పోయాయి. ఈ పిల్ల కళ్ళల్లో తాను అబద్ధాలకోరు అయిపోవడమా?

షామియానాలో తాతమ్మ అప్పటికే లేచింది. "ఏటి బాబూ యిర్మియా, నా పిల్ల ఫోన్లో సూసి నేర్సుకుందా? మా ఇంట్లో ఫోను నా సేతిలో ఉంటాది, దాని సేతిలో ఎప్పుడుంది? దేవుడి మందిరానికెళ్ళొచ్చే నోరేనా అది?"

"అమ్మా, నువ్వు కూర్చో. నేను మాట్లాడతాను" అంది మంజు. "పెద్ద సార్, నన్ను ఫెయిల్ చెయ్యండి, పర్వాలేదు. కానీ ఈ అడుగు నేను కలపలేదు. మా సార్‌ను ఒక్కసారి ఇదే కటా చెయ్యమనండి."

"చుప్!" అని లేచాడు యిర్మియా సార్. "గురువుకే పరీక్ష పెడతావా? ఇదేనా నేను నేర్పిన తమీజ్?"

"మీరు నేర్పిందే చూపించమంటున్నాను సార్."

గవరయ్య గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "ఎలాగూ మధ్యాహ్నం చేసేదేగా. ఇప్పుడే చెయ్యి యిర్మియా" అన్నారు.

సార్ మైదానం మధ్యకు వచ్చాడు. నెమ్మదిగా, ఒక్కో అడుగూ ఆలోచించుకుంటూ వేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆగాడు. తిరిగాడు. వెనకడుగు లేదు. పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటుందో అలా చేశాడు. షామియానాలో ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. సార్ మంజును చూసిన చూపులో, చూశావా మరి, అన్నట్టు చిన్న నవ్వు.

ఆ నవ్వు నవ్వకుండా ఉండాల్సింది. అది చూడగానే మంజు గుండె మళ్ళీ రగిలింది. తలతో చేశాడు ఈయన, ఒంటితో చేయలేదు. కటాను ఇంత నిదానంగా ఎవరు చేస్తారు?

"పెద్ద సార్, పరీక్షలో లెక్క మీద కదా చెయ్యాలి? మేమందరం లెక్క మీదే చేశాం. సార్‌ను కూడా లెక్క మీద చెయ్యమనండి. నేను చెప్తాను."

"న్యాయమే. చెప్పు" అన్నారు గవరయ్య గారు.

సార్ మొహంలో రంగు మారింది. కాదంటే బాగుండదు. మళ్ళీ మొదటి చోట నిలబడ్డాడు. మంజు గొంతు ఎత్తింది. వందలసార్లు క్లాసు నడిపిన గొంతది, గోడ అవతల రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఏక్! దో! తీన్! చార్!"

దెబ్బ వెంట దెబ్బ, అడుగు వెంట అడుగు, సార్ దూసుకొచ్చాడు. 'చార్' తర్వాత మంజు ఆపేసింది. పెదవి కదపలేదు.

ఆమె ఆపింది గానీ పిల్లలు ఆపుతారా? డిగ్నాబాద్ పిల్లలు, డిగ్లీపూర్ పిల్లలు, నలభై మందీ కూర్చున్న చోటి నుంచే, ఎవరూ చెప్పకుండా, ఒక్కసారిగా అరిచారు.

"వల!"

యిర్మియా సార్ కుడికాలు ఠక్కున వెనక్కి వెళ్ళింది. వెళ్ళి, తిరగబోయి, అక్కడే ఆగిపోయింది.

సార్ తన కాలి వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. తాతమ్మ ఒక్కతే గట్టిగా అంది. "సూసినారా? ఆ పాదం ఏ ఫోన్లో నేర్సుకుంది?"

గవరయ్య గారు కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఏమిటయ్యా ఈ వల?" అని అడిగారు. అప్పుడు చెప్పాడు సార్, షెడ్డు, గుట్ట, నూకన్న షరతు, మొత్తం. గవరయ్య గారు అంతా విన్నారు. "జాలర్ల అన్నాన్ని తొక్కకూడదని కలిపావు. అందులో తప్పేం లేదు. ఎవరికీ చెప్పకపోవడం తప్పు. ఇందాక అన్న మాట మాత్రం వట్టి పాపం" అన్నారు. మంజు చేత ఆగిపోయిన పరీక్షను ఆ వెనకడుగు లేకుండా పూర్తి చేయించి, కాగితం మీద అడ్డగీతను కొట్టేసి పాస్ అని సంతకం చేశారు. డిగ్లీపూర్ పిల్లలకు సాయంత్రం మళ్ళీ పరీక్ష అన్నారు. "నీ సంగతి వచ్చే ఏడాది చూద్దాం యిర్మియా. ఇప్పుడు నీ శిష్యురాలికి బెల్టు కట్టు."

అది వాళ్ళ ఆనవాయితీ. బ్లాక్ బెల్ట్ గురువే నడుముకు కట్టాలి. సార్ నల్ల బెల్టు తీసుకుని మంజు దగ్గరకు వచ్చాడు. కట్టడానికి వంగబోయాడు. మంజు ఒకడుగు పక్కకు జరిగింది.

"ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి సార్."

"లోపలికి రా బేటా, మాట్లాడుకుందాం" అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

"అందరి ముందు అన్నారు. అందరి ముందే చెప్పండి."

"పిల్లల ముందు నా ఇజ్జత్..."

"మరి నాది?"

ఆయన పిల్లల వైపు తిరిగి గొణిగాడు. "తప్పు నాది. మంజుది కాదు."

క్లాసులో ఏ పిల్లాడైనా నీరసంగా కేక వేస్తే 'వినపడలేదు' అని ఆయనే అనేవాడు. ఇప్పుడు మంజు అంది. "వినపడలేదు సార్."

"తప్పు నాది."

"వెనక వరసకు వినపడలేదు సార్."

యిర్మియా సార్ మొహం కందగడ్డలా అయింది. కళ్ళు చెమర్చాయి. ఊపిరి తీసుకుని, ఇన్నేళ్ళూ ఆ షెడ్డును దద్దరిల్లజేసిన గొంతుతో అరిచాడు. "తప్పు నాది! మంజు మీకు నేర్పింది నేను నేర్పిందే! నేను అబద్ధం చెప్పాను!"

పిల్లలు బిక్కచచ్చిపోయి చూశారు. మంజు ఆయన చేతిలోంచి బెల్టు తీసుకుంది. తనే నడుముకు చుట్టుకుని ముడి వేసుకుంది. ముడి వంకరగా పడింది. అయినా విప్పలేదు. తర్వాత, తొమ్మిదేళ్ళుగా చేసినట్టే, నడుం వంచి ఆయనకు నమస్కరించింది.

ఆయన ముఖంలో కాస్త ప్రాణం వచ్చింది. "కోపం పోయిందా బేటా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు సార్" అంది మంజు. "నేర్పినందుకు దణ్ణం పెట్టాను. అంతే."